అమెరికాకి పదేళ్ల వీసా ఉంది కదా అని ఏటా ఆరేసి నెలలు ఉండి రావచ్చా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మకి 58, నాన్నకి 63. ఉండేది విజయవాడ పటమటలో. అక్క డల్లాస్‌లో హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉంది. 2023లో ఇద్దరికీ పదేళ్ల టూరిస్టు వీసా వచ్చింది. 2024లో మార్చి నుంచి ఆగస్టు దాకా, 2025లో ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఉండొచ్చారు. వచ్చే ఫిబ్రవరిలో అక్కకి రెండో కాన్పు. అందుకని ఈ నవంబరులోనే మళ్లీ బయల్దేరదీయాలని చూస్తున్నారు. బెంజి సర్కిల్ దగ్గరి ఏజెంటేమో "ఆర్నెల్లు అక్కడుండి, పదిహేను రోజులు ఇక్కడ మొహం చూపించి మళ్లీ ఎక్కేయొచ్చు, అదీ కుదరకపోతే మెక్సికో వెళ్లొస్తే కొత్తగా ఆర్నెల్లు మొదలవుతాయి" అన్నాడు. ఇందులో నిజమెంత అని మీ అనుమానం.

మొదటి మాట సగం నిజం, అందుకే ప్రమాదం. రెండో మాట నమ్మి టికెట్ కొనకండి.

నేను గుంటూరు బ్రాడీపేటలో 2002 నుంచి టికెట్లు, వీసా ఫారాల పని చూస్తున్నాను. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ 2008లో వచ్చింది. అంతకుముందు మన వైపు వాళ్లందరం ఇంటర్వ్యూకి పినాకిని రైల్లో మద్రాసు వెళ్లాల్సిందే. అరండల్‌పేట పెద్దమనుషులు పంచెలు మానేసి కొత్త ప్యాంట్లు కుట్టించుకుని బయల్దేరడం నాకింకా గుర్తే. మా అబ్బాయి కూడా అక్కడే ఉన్నాడు కాబట్టి మా ఆవిడా నేనూ ఆరు తడవలు వెళ్లొచ్చాం. నేను లాయర్ని కాదు. చూసింది, చేతులు కాల్చుకుంది చెబుతాను.

ముందు ఒక ముడి విప్పాలి. పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండమని కాదు, పదేళ్లపాటు వచ్చి తలుపు తట్టొచ్చని. లోపలికి రానిచ్చాక ఎన్నాళ్లు ఉండాలో చెప్పేది వీసా కాదు, విమానాశ్రయంలో కౌంటరు వెనక కూర్చున్న అధికారి. ఆయన రాసే తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. బి2 మీద, అంటే టూరిస్టు వీసా మీద వెళ్లినవాళ్లకి మామూలుగా ఆర్నెల్లు ఇస్తారు. మామూలుగా అన్నాను, హక్కుగా కాదు. నెల ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2013కి ముందు ఐ-94 అంటే చిన్న తెల్ల చీటీ, పాస్‌పోర్టులో పిన్ను కొట్టి ఇచ్చేవాళ్లు. మనవాళ్లు దాన్ని పసుపు కుంకుమ పొట్లంలా భద్రంగా దాచుకునేవాళ్లు. ఇప్పుడు చీటీ లేదు, విమానంలో దిగినవాళ్లకి అంతా కంప్యూటర్లోనే. చీటీ పోయినప్పట్నుంచి తేదీ చూసుకునే అలవాటు కూడా పోయింది.

ఆ అలవాటు పోయినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఊళ్లో అందరికీ చెప్పేవాణ్ని, నా సంగతి చూసుకోలేదు. 2017లో ఏప్రిల్‌లో దిగాం. మా ఆవిడకి ఆర్నెల్లు ఇచ్చారు, నాకూ అంతే అనుకున్నా. రిటర్న్ టికెట్ సెప్టెంబరు ఆఖరుకి. జూలై చివర్లో ఒకరోజు, ఇన్సూరెన్సు వాళ్లకి ఏదో పంపడానికి అబ్బాయి ఐ-94 ప్రింటు తీశాడు. నా గడువు ఆగస్టు 9 అని ఉంది. ఏమిటా అని చూస్తే నా పాస్‌పోర్టు గడువు అయిపోయే రోజది! పాస్‌పోర్టు ముందే అయిపోతుంటే అధికారి ఆ తేదీ దాకానే ఇచ్చేస్తాడు. పన్నెండు రోజులుంది. టికెట్ మార్పించడానికి అయిన డబ్బు సంగతి అలా ఉంచండి. పదిహేనేళ్లు ఆ పని చేసినవాడు తన పాస్‌పోర్టు ఆఖరి తేదీ చూసుకోలేదన్న మాట మా ఆవిడ నోట్లోంచి ఇంకా పోలేదు. ఆగస్టు 7న విమానం ఎక్కాను.

అది చూసుకోకుండా సెప్టెంబరు దాకా ఉండిపోయి ఉంటే? ఐ-94 తేదీ ఒక్కరోజు దాటినా ఆ వీసా చెల్లకుండా పోతుంది. పదేళ్ల స్టాంపు పాస్‌పోర్టులో చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ దానికి ప్రాణం ఉండదు. మళ్లీ మొదటినుంచి దరఖాస్తు, ఇంటర్వ్యూ. 180 రోజులు దాటి ఉండిపోయి తర్వాత బయటికొస్తే మూడేళ్లు రానివ్వరు. ఏడాదో, అంతకుమించో ఉంటే పదేళ్లు. 2025 మే నెలలో ఢిల్లీలోని వాళ్ల ఎంబసీ కూడా గడువు దాటి ఉంటే పంపించేస్తామని, శాశ్వతంగా నిషేధించే అవకాశం కూడా ఉందని బహిరంగంగా హెచ్చరించింది. అక్క చేత వాళ్లిద్దరి ఐ-94లు దిగిన రెండో రోజే తీయించండి. సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైటులో ఉచితంగానే వస్తుంది. డబ్బులడిగే సైట్లు నకిలీవి.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. "ఏడాదిలో ఆరు నెలలు మించకూడదు" అని చట్టంలో ఎక్కడైనా ఉందా? టూరిస్టు వీసాకి అలాంటి లెక్క లేదు. ఆర్నెల్లుండి, పదిహేను రోజులుండి మళ్లీ వెళ్లకూడదని రాసిన కాగితమూ లేదు. మీ ఏజెంటు చెప్పిన సగం నిజం ఇదే. మరి అబద్ధమయ్యే సగం ఏమిటంటే, చట్టం మొదలుపెట్టడమే టూరిస్టుగా వచ్చే ప్రతివాణ్నీ "వీడు ఇక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడు" అని అనుమానించడంతో మొదలుపెడుతుంది. అది కాదని రుజువు చేసుకోవాల్సింది మనం. అదీ ఒకసారి కాన్సులేట్‌లో చూపించేస్తే తీరిపోదు, దిగిన ప్రతిసారీ కౌంటరు దగ్గర మళ్లీ చూపించాలి. ఆయన కంప్యూటర్లో మనం ఎప్పుడొచ్చాం, ఎప్పుడు పోయాం అన్నీ వరసగా కనపడతాయి. ఆయన రోజులు లెక్కపెట్టేది పంచాంగం కోసం కాదు. ఈ మనిషి ఇల్లెక్కడ, చుట్టపుచూపుగా వెళ్లేదెక్కడికి, ఇదీ ఆయన తేల్చుకోవాలనుకునేది.

మా వదిన సంగతి చెబుతాను, అంటే మా ఆవిడ అక్కగారు. కొరిటెపాడులో సొంత ఇల్లు. భర్త పోయాక పిల్లాడి దగ్గరికి రాకపోకలు పెరిగాయి. 2018లో ఆర్నెల్లు ఉండొచ్చింది, నాలుగు నెలలు ఇక్కడుంది. మళ్లీ ఆర్నెల్లు. ఆ తర్వాత 23 రోజులకే మళ్లీ బయల్దేరింది. మనవడికి మాటలొచ్చే వయసు, ఆగలేకపోయింది పాపం. దిగగానే పక్క గదిలోకి పంపారు. సెకండరీ అంటారు దాన్ని. నాలుగు గంటలు కూర్చోబెట్టారు. ఫోన్‌లో తెలుగు దుబాసీ. ఆవిడ చెప్పిన ప్రకారం మొదటి అరగంట మామూలు ప్రశ్నలే. ఎవరి దగ్గరికొచ్చావు, ఎన్నాళ్లుంటావు, వెనక్కి టికెట్ ఏది. తర్వాత అక్కడి అధికారి "గుంటూరులో మీ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు?" అనడిగాడట. మా వదిన ఉన్నదున్నట్టు చెప్పింది: "అద్దెకిచ్చేశానండీ. అక్కడికెళ్తే మా చెల్లెలింట్లో ఉంటాను."

ఆ చెల్లెలిల్లు మాదే. ఆవిడ అబద్ధమాడలేదు. కానీ ఆ ఒక్క జవాబుతో తను ఎక్కడ కాపురముంటోందో, ఎక్కడికి చుట్టపుచూపుగా వెళ్తోందో తనే చెప్పినట్టయింది. తర్వాత ఫోను తీసుకుని చూశారు. కోడలితో వాట్సాప్‌లో "డే కేర్ వాళ్లకి ఈ నెలతో మానేస్తున్నామని చెప్పేయండి, నేనొచ్చేస్తున్నాగా" అన్న మెసేజ్ ఉంది. ప్రేమతో పెట్టిన మెసేజే. ఆయనకి మాత్రం జీతంలేని ఆయాలా కనపడింది. చివరికి ఐదు వారాలిచ్చి, అంతకుమించి ఉండొద్దని గట్టిగా చెప్పి పంపించారు. ఆ మాత్రం నయం. అదే అధికారికి ఇంకోరోజు ఇంకోలా తోస్తే "నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నా" అని సంతకం పెట్టించుకుని తర్వాతి విమానంలోనే తిప్పి పంపుతారు, వీసా కూడా కొట్టేస్తారు. ఇంకా కోపమొస్తే ఐదేళ్ల నిషేధంతో పంపే అధికారం కూడా ఆ గదిలోనే ఉంది, జడ్జి దాకా వెళ్లక్కర్లేదు.

మా వదిన ఐదు వారాలకి ముందే వచ్చేసింది. అద్దెవాళ్లని ఖాళీ చేయించి కింది వాటాలో తనే దిగింది. పద్నాలుగు నెలలు ఎక్కడికీ వెళ్లలేదు. ఆ తర్వాత వెళ్తే రెండే రెండు ప్రశ్నలడిగి ఆర్నెల్లు ఇచ్చారు. చెడ్డ రికార్డు ఇంట్లో గడిపిన రోజులతో కొంత మాసిపోతుంది, అదొక ఊరట.

మనవడిని ఎత్తుకోవడం నేరమా అని మీరడగొచ్చు. కాదు. అమ్మమ్మ వచ్చి పసిపిల్లకి నీళ్లుపోస్తే, కూతురికి పథ్యం వండిపెడితే ఎవరూ కాదనరు. "కూతురి కాన్పుకి వెళ్తున్నాం, నాలుగు నెలలుండి వచ్చేస్తాం" అన్నది నిజమైన, సరిపోయే జవాబు. "అల్లుడూ అమ్మాయీ ఆఫీసుకెళ్తే పిల్లల్ని చూడ్డానికి" అంటే ఉద్యోగంలా వినపడుతుంది. అలాగని నిజం దాచి "డిస్నీల్యాండ్ చూడ్డానికి" అని నేర్పించి పంపే ఏజెంట్లున్నారు, వాళ్లకి దూరంగా ఉండండి. తప్పు చెప్పి దొరికితే అది అన్నిటికన్నా పెద్ద దెబ్బ, జీవితాంతం వెంటాడే నిషేధం. మాట మార్చడం కాదు, ప్రయాణాన్నే నిజంగా చుట్టపుచూపుగా ఉండేట్టు కుదుర్చుకోవాలి. ఇంకోటి, బంధువుల గ్యాస్ స్టేషన్లోనో, ఇండియన్ స్టోర్లోనో నాన్నగారిని "ఊరికే కాలక్షేపానికి" కౌంటరు దగ్గర కూర్చోబెడుతుంటారు. పైసా తీసుకోకపోయినా అది పనే. ఆ మాట ఫోన్లో ఎక్కడా ఉండకుండా చూడమని కాదు నేననేది, అసలు కూర్చోబెట్టకండి.

మెక్సికో సంగతి. అమెరికా వీసా ఉన్న మనవాళ్లకి మెక్సికో వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు కాబట్టి ఈ సలహా బాగా పాకింది. 30 రోజుల్లోపు మెక్సికో, కెనడా వెళ్లి తిరిగొచ్చినవాళ్లని మామూలుగా పాత ఐ-94 మీదే, మిగిలిన గడువుకే రానిస్తారు. కొత్త ఆర్నెల్లు రావు. వచ్చినా, "గడువు పెంచుకోవడానికే పోయొచ్చావా" అన్న అనుమానం రికార్డులో కూర్చుంటుంది.

గడువు చాలకపోతే రాజమార్గం ఒకటుంది, గడువు పొడిగించమని అడిగే ఐ-539 ఫారం. ఐ-94 తేదీ లోపే వేయాలి, 45 రోజులు ముందే వేయమని వాళ్లే చెబుతారు. ఆన్‌లైన్లో అయితే ఫీజు 420 డాలర్లు, కాగితం మీదయితే 470. నిర్ణయం రావడానికి నెలలు పడుతుంది. ఒక్కోసారి మనవాళ్లు తిరిగొచ్చేశాక గానీ రాదు. సమయానికి వేశాం కాబట్టి అది తేలేదాకా ఉండొచ్చు, కానీ తిరస్కరిస్తే వెంటనే పెట్టె సర్దుకోవాలి. ఆస్పత్రిలో ఉన్నారు, డాక్టరు విమానం వద్దన్నాడు, ఇలాంటి కారణానికి దాన్ని వాడుకోవాలి. "మనవడి మొదటి పుట్టినరోజు చూసుకుని వస్తాం" అని వేసినవాళ్లని నేనెరుగుదును. వచ్చింది కూడా. కానీ ఏడాదిపాటు ఏకబిగిన ఉన్నట్టు రికార్డయ్యింది, తర్వాతి ప్రయాణంలో దానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

మీ నవంబరు ఆలోచనలో ఇంకో చిక్కుంది. ఏజెంట్లెవరూ చెప్పనిది, మా ఆడిటరు స్నేహితుడు చెబితే నాకు తెలిసింది. అది పన్ను. అమెరికాలో గడిపిన రోజులు ఒక పద్ధతిలో కూడతారు. ఈ ఏడాది రోజులు పూర్తిగా, కిందటేడు రోజుల్లో మూడోవంతు, అంతకుముందు ఏడాది రోజుల్లో ఆరోవంతు. మొత్తం 183 అయితే (ఈ ఏడాది కనీసం 31 రోజులుండాలి), వీసా ఏదైనా సరే, పన్ను విషయంలో అక్కడి నివాసి కిందే లెక్క. మీవాళ్లది వేసి చూద్దాం. 2024లో సుమారు 175 రోజులు, 2025లో జూలై దాకా ఇంకో 175. ఆ 175కి నిరుటి మూడోవంతు 58 కలిపితేనే 233, గీత దాటేశారు. అయినా గాభరా పడక్కర్లేదు. ఆ ఏడాదిలో అసలు రోజులు 183 లోపే ఉండి, ఇల్లూ వాకిలీ సంపాదనా ఇండియాలోనే ఉన్నాయని 8840 అనే ఫారం పెడితే మినహాయింపు దొరుకుతుంది. కానీ నవంబరు 10న బయల్దేరితే డిసెంబరు 31 లోపు ఇంకో 50 రోజులు పడతాయి. 2025 ఒక్క ఏడాదిలోనే 225. ఇక ఆ ఫారం పనికిరాదు. నాన్నగారి పెన్షను, అద్దెలేమన్నా వస్తుంటే అవి, ఇక్కడి బ్యాంకు డిపాజిట్లు అన్నీ అక్కడ చూపించాల్సిన పరిస్థితి వస్తుంది. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే దానికి వేరే రిపోర్టు. రెండు దేశాల పన్ను ఒప్పందం పట్టుకుని బయటపడే దారి ఉందిగానీ, దానికి అక్కడి సీపీఏకి (మన ఆడిటరు లాంటివాడు) డబ్బు పొయ్యాలి. సంక్రాంతి వెళ్లాక బయల్దేరితే ఈ తలనొప్పి ఉండదు, లెక్క కొత్త ఏడాదిలో పడుతుంది. 2026లో 183 లోపు ఉండి, 8840 పెట్టుకుంటే చాలు.

అలాగే, ఏటా ఆర్నెల్లు అమెరికాలో ఉన్నంత మాత్రాన నాన్నగారు ఎన్నారై అయిపోరు. ఆ మాట పట్టుకుని బ్యాంకు ఖాతాలు మార్పించే పని పెట్టుకోకండి.

నా సలహా ఇది. భోగి, సంక్రాంతి, కనుమ ఇక్కడే చేసుకుని జనవరి 20 ప్రాంతంలో బయల్దేరండి. జూలై ఆఖరున వచ్చారు కాబట్టి అప్పటికి ఇంట్లో ఐదున్నర నెలలు పూర్తవుతాయి. పోయినసారి ఉన్నన్ని రోజులకి దాదాపు సమానం. ఎక్కడా రాసిలేని లెక్క ఇది, కానీ నేను ఇన్నేళ్లుగా చూసినదాంట్లో అక్కడున్నన్నాళ్లు ఇక్కడా ఉన్నవాళ్లకి పక్క గది పిలుపు చాలా అరుదు. ఆర్నెల్లూ పూర్తిగా వాడుకోకండి. నాలుగు నెలలు చాలు, మే ఆఖరుకి రిటర్న్ టికెట్ కొనేయండి. రోహిణి కార్తెలో విజయవాడ రావాలా అంటారేమో, తప్పదు. ఆవకాయకి ఆ మాత్రం ఆలస్యమైనా కాయలు దొరుకుతాయి.

మరి మే తర్వాత పసిపిల్ల సంగతి? ఇక్కడే మనవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్న ఏర్పాటు ఉంది, వియ్యంకులతో వంతులు. మొదటి నాలుగు నెలలు అమ్మమ్మ, తర్వాత నానమ్మ. రెండు జంటల్లో ఎవరి రికార్డూ పాడవదు. మీ బావగారి అమ్మానాన్నలతో ఇప్పుడే మాట్లాడండి. అలకలు గిలకలు వస్తే ముందే తీర్చుకోవచ్చు. వాళ్లకింకా వీసా లేకపోతే ఆలస్యం చేయకండి. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు బాగా తగ్గించేశారు. ఎనభై దాటిన పెద్దవాళ్లు కూడా ఇప్పుడు సాధారణంగా హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కి వెళ్లాల్సిందే. పాత బి2 వీసా అయిపోయి పన్నెండు నెలలు దాటితే రెన్యూవల్‌కి కూడా ఇంటర్వ్యూ ఉంటుంది.

గ్రీన్‌కార్డు ఎందుకు పెట్టకూడదని ఎవరో ఒకరు మీకు చెబుతారు. అక్క హెచ్1బి మీదుంది, తనకే లేదు. తనకి గ్రీన్‌కార్డు వచ్చినా అమ్మానాన్నలకి పెట్టడం కుదరదు, పౌరసత్వం రావాలి. వచ్చినా గ్రీన్‌కార్డు అంటే అక్కడ కాపురం ఉండాలి. ఆర్నెల్లు దాటి ఇక్కడ ఉండిపోతే ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డు వదులుకున్నట్టే చూస్తారు. పటమటలో సాయంత్రం నడకకి అలవాటుపడ్డ మనిషికి అది చాలా ఖరీదైన కార్డు.

మిగతా దేశాల సంగతి కూడా అడిగారు కాబట్టి టూకీగా చెబుతాను. తల్లిదండ్రుల విషయంలో కెనడా మర్యాదగా ఉంటుంది. 2011 డిసెంబరు నుంచి సూపర్ వీసా ఉంది. 2022 జూలై నుంచి ఒక్కో తడవ ఐదేళ్ల దాకా ఉండనిస్తున్నారు. పిల్లల ఆదాయం చూపించాలి, కనీసం లక్ష కెనడా డాలర్ల మెడికల్ ఇన్సూరెన్సు ఉండాలి. మామూలు విజిటర్‌గా వెళ్తే ఆర్నెల్లే. ఆస్ట్రేలియా వీసా ఉత్తరంలో కండిషన్ల నంబర్లుంటాయి, అవి చదవకుండా టికెట్ కొనకండి. 8503 అని ఉంటే అక్కడుండి పొడిగింపుకి దరఖాస్తు పెట్టడం కుదరదు. 8558 ఉంటే ఏ 18 నెలలు తీసుకున్నా అందులో 12 నెలలకి మించి ఉండకూడదు. వీళ్లదగ్గర అమెరికాలా అధికారి ఇష్టం కాదు, లెక్కే. బ్రిటన్‌లో ఒక్కో రాకకి ఆర్నెల్లు. తరచూ వచ్చి దాన్నే ఇల్లుగా చేసుకోకూడదని నియమంలోనే రాసి ఉంది. యూరప్ షెంగెన్ దేశాలన్నిటికీ కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. జర్మనీలో 90 అయ్యాక ఫ్రాన్స్‌లో కొత్త 90 మొదలవ్వదు. దుబాయ్‌లో విజిట్ వీసా దాటితే రోజుకి 50 దిర్హాములు జరిమానా. మన కుర్రాళ్లు ఉద్యోగం వెతుక్కుంటూ అలా లెక్క పెంచుకుంటారు, వాళ్ల గోల వేరే.

బయల్దేరేటప్పుడు చేతి సంచీలో ఏముండాలంటే: వెనక్కి టికెట్, పటమట ఇంటి పన్ను రసీదు, నాన్నగారి పెన్షను పాసుబుక్కు, ఇన్సూరెన్సు కాగితం. అవి అడగందే చూపించక్కర్లేదు, ఒకవేళ అడిగితే బ్యాగంతా తిరగెయ్యకుండా తీయగలగాలి. ఆర్నెల్లకి సరిపడా బీపీ, షుగరు మాత్రలు పెట్టెలో కనపడి, నోటితో "రెండు నెలలుంటాం" అంటే అది మీరే ఇచ్చిన సాక్ష్యం. ఉండే రోజులకి సరిపడానే, డాక్టరు చీటీతో తీసుకెళ్లండి. నాటుకోడి పచ్చడి వద్దు, మాంసం పచ్చళ్లు పడేస్తారు. చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా కూడా. గోంగూర, ఆవకాయ ఉన్నాయని అక్కడ ముందే చెప్పి తీసుకెళ్లండి. ఇన్సూరెన్సులో "ముందే ఉన్న జబ్బులు" అన్న గడి ఏం చెబుతోందో అక్క చేత చదివించండి. చౌక పాలసీలు అక్కడే మోసం చేస్తాయి.

అమ్మకీ నాన్నకీ కౌంటరు దగ్గర ఒకే మాట రావాలి. తర్ఫీదు ఇమ్మని కాదు, ఇద్దరికీ ఒకే విషయం తెలిసి ఉండాలి. ఎన్నాళ్లు, ఎందుకు, ఎప్పుడు తిరిగి. "మా అబ్బాయిని అడగండి" అన్న జవాబు మన పెద్దవాళ్లకి సహజంగా వస్తుంది. అది మాత్రం రానివ్వకండి.

నాన్నగారి పాస్‌పోర్టు ఎప్పటిదాకా చెల్లుతుందో మీరు రాయలేదు. 2026లోనే అయిపోయేదైతే టికెట్‌కన్నా ముందు దాన్ని రెన్యూ చేయించండి. వీసా పాత పుస్తకంలోనే ఉంటుంది, ఏం ఫరవాలేదు, రెండూ కలిపి తీసుకెళ్లడమే. మళ్లీ నాలాగా ఆగస్టు 9 చూసి అదిరిపడనక్కర్లేదు.